ఇరవై మూడో ఫ్యూజు

డులూత్‌కి ఉత్తరంగా గంట దూరం.
ఇక్కడ నవంబరంటే
పట్టుకున్న స్పానరు వేళ్లకు అంటుకుపోయే నెల.
అలాంటి ఒక పొద్దున మార్లిస్ హౌగెన్
తన బుల్లి కరెంటు ట్రక్కుని
చప్పుడు లేకుండా నా షెడ్డులోకి తోలుకొచ్చింది.

రంగెయ్యని బూడిద ఒళ్లు.
అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. రేడియో లేదు.
వెనక తొట్టిలో గుడ్ల అట్టలు, పొయ్యి కట్టెలు,
ఎవరివో మగవాళ్ల బూట్లు ఒక జత.
చవక బండంటే నాకిష్టం,
ఏదైనా దాచడానికి అందులో చోటుండదని
అనుకునేవాణ్ణి.

"దీని నోరు కట్టెయ్యాలి, లెన్నార్ట్" అంది.

బీమా కంపెనీ ఉత్తరం, మూల మీద పచ్చసొన మరక.
ప్రతి గురువారం, రెండూ పదికి,
సరస్సు మలుపు దగ్గర,
నలభై ఏడు నిమిషాలు
కారణం లేని నిలుపుదల.
అందుకని నెలకు పద్దెనిమిది డాలర్లు అదనం.

'కారణం లేని' దగ్గర ఆమె గోరు ఆగింది.
తమ్ముడు ఆర్విడ్ పడవ చివరిసారి కనబడింది
ఆ మలుపు నుంచే.
ఊరికి తెలుసు, నోరెత్తదు.
బండికి ఏమీ తెలియదు,
అంతా చెప్పేస్తుంది.

డాష్‌బోర్డు కింద పడుకుని టార్చి వేశాను.
అగ్గిపెట్టంత పెట్టె, దానికో సిమ్ము,
మీసమంత యాంటెన్నా.
చెప్పాల్సింది చెప్పాను.
ఇది పోతే ఛార్జింగ్ ఎక్కడ దొరుకుతుందో నువ్వే వెతుక్కోవాలి,
దొంగ తోలుకుపోతే జాడ ఉండదు,
కొన్నప్పుడు తగ్గించిన పన్నెండు వందలూ
వెనక్కి కట్టమన్నా అనొచ్చు.
రాత్రిపూట మంచుగుంటలోకి జారితే
అంబులెన్సుని పిలిచేదీ ఇదే.
నిన్ను కనిపెట్టుకుని ఉండేదీ
నిన్ను కనిపెట్టేదీ
ఒకటే తీగ, మార్లిస్.
సగం కొయ్యడం నాకు రాదు.

కాఫీ చల్లారేదాకా మాట్లాడలేదు.
"మా తాతకో గుర్రం ఉండేది.
తాగి పడుకున్నా ఇల్లు చేర్చేదట.
దార్లో ఎక్కడ ఆగారో మాత్రం
మా అవ్వకి ఎప్పుడూ చెప్పలేదు."

ఇరవై మూడో ఫ్యూజు లాగాను.
గోరు విరిగినంత శబ్దం.
ఒక పచ్చ చుక్క ఆరిపోయింది.
పదిహేను డాలర్లు, డజను గుడ్లు తీసుకున్నాను,
ఒక మాట కూడా తీసుకున్నాను:
గురువారం ఇల్లు చేరాక షెడ్డుకి ఫోను,
రెండు రింగులు, నేను ఎత్తను.

మాట తప్పలేదు.
మూడూ ఇరవై రెండు. మూడూ ముప్ఫై ఒకటి.
ఎందుకో తెలియదు గానీ
జనవరి నాటికి ఆ టైములు
కాలెండరు గళ్లల్లో రాసుకోవడం మొదలెట్టాను.
మూడూ పంతొమ్మిది.

ఫిబ్రవరి రెండో గురువారం
నాలుగైనా మోగలేదు.
నాలుగూ ఇరవైకి షట్టరు దించి
గాలివానలా కొడుతున్న మంచులో బయల్దేరాను.
గుంటలన్నీ వెతుక్కుంటూ, బంపరు కోసం చూసుకుంటూ.

ట్రక్కు మలుపులోనే ఉంది.
ముందు అద్దం మీద జానెడు మంచు.
పక్క అద్దం కిర్రుమంటూ
పావు వంతు దిగింది. లోపల ఆమె,
ఒళ్లో ఫ్లాస్కు.
"ఏమైంది?"
"ఏం కాలేదు. ఇవాళ ఇంకాసేపు ఉండాలనిపించింది."

నా టార్చిని చూసింది,
వణుకుతున్న నా గడ్డాన్ని చూసింది.
"మరి నీకెంత కట్టాలి, నెలకి?"

నవ్వొచ్చింది.
ఆ వెనకే సిగ్గొచ్చి కూర్చుంది.

పక్క సీటు మీది చేతితొడుగులు
ఆమే తీసి ఇవతల పెట్టింది.
ఎక్కాను. మోకాళ్లు డాష్‌కి తగిలాయి.
దూరంగా ఎక్కడో మంచుగడ్డ పగిలింది,
మా ఇద్దరి ఊపిరికీ అద్దాలు మసకబారాయి.

ఎంతసేపు కూర్చున్నామో
ఆ వారం గడిలో ఏమీ రాయలేదు.