కుడి పక్క

బాల్టిమోర్ రేవు దాటి తొమ్మిది మైళ్ళు.
ఫాక్త్నా ఇంజను ఆపేశాడు.
వాన కాదు, వానకి చెల్లెలేదో
మొహాల మీద తచ్చాడుతోంది.

"అదిగో, ఎడమన!"
ఇరవై రెండు మందీ ఒక్క ఉదుటున అటే.
పడవ ఒరిగింది, నా చేతిలో టీ పళ్ళెం కూడా.

కుడి పక్క డెర్వ్లా ఒక్కతే.
అలల పల్లాల్లో పిచ్చుకంతేసి తుఫాను పిట్టలు
కాళ్ళు వేలాడేసుకుని
నీళ్ళు చుర్రుమంటున్నట్టు అడుగులేస్తున్నాయి.
ఏడు. ఉండు, ఎనిమిది.
పళ్ళ మధ్య పెన్సిలు తీసి గీత పెట్టింది.

అటువైపు ఉసూరుమన్నారు: మునిగిపోయిందట.
ఫోన్ల నిండా తోక లేని సముద్రం.

అప్పుడు పడవ కిందనుంచి
నల్లటిదేదో సాగి, సాగి, ఎంతకీ అయిపోక
ఆమెకి రెండు బారల దూరంలో లేచింది.
బుస్సున ఊపిరి.
కుళ్ళిన చేపల వాసన, కళ్ళద్దాల నిండా తుంపర.

కేకేయబోయాను.
డెర్వ్లా నా వంక చూసింది.
టీ చల్లారిపోతోందని మాత్రం అన్నాను, ఎవరితోనో.

తిరుగుదారిలో ఆమె పుస్తకం చూశాను.
అన్నీ పిట్టల గళ్ళే,
తిమింగలానికి చోటు లేదు.
ఎనిమిదో గీత పక్కన
ఒక తడి చుక్క, కంపుకొడుతూ.
అది ఆరేదాకా
పేజీ తిప్పలేదామె.