సీసం

తూకం గదిలో ముప్పై ఏళ్లుగా నాది ఒకటే పని.
జీనులు తుడవడం, బూట్లకు మెరుగు పెట్టడం,
పందెం ముగిశాక బురద చొక్కాలు నానబెట్టడం.
ఫియాక్రా నా చేతికి వచ్చినప్పుడు వాడికి పదహారేళ్లు.
లిమరిక్‌లో రొట్టెల కొట్టువాళ్ల అబ్బాయి.
జేబులో ఎప్పుడూ ఒక ఎండుద్రాక్ష బన్ను,
గుర్రానికి సగం, తనకు సగం.

తర్వాత మొత్తం గుర్రానికే.

పొడుగు సాగాడు పాపం, అదే వాడు చేసిన తప్పు.
పందెం రోజు తెల్లవారకముందే
తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి
మరిగే నీళ్ల తొట్టిలో మెడదాకా.
లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్మేవి.
"కాసేపే, అంతే" అనేవాడు.
ఆ అంతేకి ఎంత బరువో ఏ త్రాసూ చెప్పదు.

జూలైలో రెండు స్వెట్టర్లు.
ముంజేతుల మీద పసిబిడ్డకున్నట్టు సన్నని నూగు.
పళ్లు తోమితే నెత్తురు.
నా పేరు ఒకసారి మర్చిపోయాడు, నవ్వేశాం ఇద్దరం.
ఆకలి రుచెరగదంటారు గానీ
కొన్నాళ్లకు అది తననే ఎరగదు.

గాల్వేలో ఆ రోజు ముల్లు దిగువనే ఆగింది.
రెండు పౌన్లు తక్కువ, అన్నాడు గుమాస్తా.
నియమం నియమమే.
జీను కింది గుడ్డ జేబుల్లోకి నేనే దూర్చాను
సీసం బిళ్లలు, ఒకటి, ఇంకొకటి.
ఫియాక్రా వాటిని వేలితో తడిమి
"ఇది నా తొడ కదూ" అన్నాడు.

గుర్రం పడలేదు. కాస్త తడబడిందంతే.
వాడి భుజం ఎముక గుడ్డు పెంకులా విరిగింది.
డాక్టరమ్మ ఫొటోని వెలుగుకెత్తి చాలాసేపు చూసింది.
ఇరవై ఆరేళ్ల కుర్రాడిలో
డెబ్బై ఏళ్ల అవ్వ ఎముకలు.
"ఒళ్లు ముందు కొవ్వు తింటుంది, అది అయిపోతే కండ.
గుండె కూడా కండే" అంది.
అంతకంటే ఏమీ అనలేదు.

ఇప్పుడు గరిటెడు గరిటెడు.
ఒక్కసారే పెడితే అన్నమే చంపుతుందట.
నేను తెచ్చిన బన్నులో పావువంతు తుంచి
మిగతాది నా చేతిలోనే పెట్టింది నర్సు.
వారానికి రెండుసార్లు తూకం,
అంకెకు వీపు తిప్పి ఎక్కాలి.
ఎక్కాడు. గోడకేసి నిలబడి
కళ్లు మాత్రం నా మీదికి తిప్పాడు.

ముప్పై ఏళ్లు ముల్లునే చూసినవాణ్ణి.
కిటికీలోంచి చూశాను.
కింద వానలో ఆగిన కారులో ఎవరో
మోకాళ్ల మీద కాగితం పరుచుకుని
తింటున్నారు.