జానెడు ఎడం

మాధవధార వెనక, నూట పన్నెండో మెట్టు దగ్గర
నేను కట్టిన గోడ ఒకటుంది.
పదకొండేళ్లు మట్టిని మోసి మోసి
ఇవాళ పొద్దున దానికి కడుపొచ్చింది.

ముందు ఎవరికీ చెప్పలేదు.
పైన జానెడు ఎడం ఉంచి తూకం గుండు వదిలాను.
మధ్యకొచ్చేసరికి
ఆ జానెడు లేదు.

సన్నాసమ్మ తలుపు మూడు రోజులుగా పట్టేస్తోంది.
"వానకి ఉబ్బిపోనాది మేస్త్రీ, కాస్త సూడు" అంది.
దానిది రేకు తలుపు.
రేకు వానకి ఉబ్బుతుందా?

కరెంటు స్తంభానికి ఒకపక్క తీగ
బట్టలారేసిన తాడులా వేలాడుతోంది,
రెండో పక్క గాలిపటం దారంలా బిగుసుకుంది.
పైన జీడిమామిళ్లు మొదట్లోనే వంగి
మళ్లీ ఆకాశానికి లేచాయి.
నేల జారుతున్నంత కాలం
నిటారుగా ఉండటానికి అవి పడ్డ పాటు
ఆ వంపులో రాసుంది.
ఇన్నేళ్లూ వాటికి ఉయ్యాల కట్టాం గానీ
చదవలేదు.

మా నాన్న అరకు లైన్లో గ్యాంగ్‌మన్.
"కొండ ఒక్కలాగే దిగదురా" అనేవాడు,
"రాయై దూకుతాది, బురదై పరిగెడతాది.
ఒక్కోపాలి ముసిల్దాన్లాగ
రోజుకో వెంట్రుకవాసి నడుస్తాది.
దానికి బయపడు.
అది నీతో కాపరం సేస్తాది."

మొన్న కింద రోడ్డు మీద పాలవ్యాను చక్రం కుంగింది.
అందరూ గొయ్యి అన్నారు.
లోపల డ్రైనేజీ గొట్టం పగిలి
ఏడాదిగా ఇసుకని చిటికెడు చిటికెడు తాగి
పైన తారుని మాత్రం అప్పడంలా వదిలేసింది.
ఒక పిల్లాడు రాయి వేశాడు.
చప్పుడు ఆలస్యంగా వచ్చింది.

ఎవర్ననాలి?
కింద చదునులో అద్దె కట్టలేక పైకొచ్చాం.
కొండ పాదం చెక్కి గుమ్మాలు పెట్టుకున్నాం,
వేళ్లు పీకి పునాదులు వేశాం,
సెప్టిక్ గుంతలతో రాత్రీ పగలూ దానికి నీళ్లు పట్టాం.
నాలుగు రోజుల అల్పపీడనం
మిగతా పని అందుకుంది.

ఇక నా సంగతి.
వెనకనున్న నీళ్లు బయటికి కారడానికి
గోడకి ఇరవై నాలుగు గొట్టాలు పెట్టమన్నారు.
డబ్బులూ ఇచ్చారు.
ఆరు పెట్టాను.
మిగతా పద్దెనిమిది గొట్టాల డబ్బు
దేనికి ఖర్చయిందో గుర్తులేదు.
గుర్తుంటే కొంచెం నయంగా ఉండేది.

ఆ ఆరింటి ముందే కూచున్నాను.
నిన్నటిదాకా తేట నీళ్లు.
పొద్దున మూడింట్లో ఎర్రమట్టి నీళ్లు.
మధ్యాహ్నం రెండున్నరకి
వాన ఆగలేదు,
గొట్టాలు ఆగాయి.

లేచాను. ఇనప బొచ్చె మీద తాపీతో కొట్టుకుంటూ
గుమ్మం గుమ్మం తిరిగాను.
పసిపిల్లలు, కోళ్లు, గ్యాస్ బండలు,
మంచం మీదున్న యర్రంనాయుడు మంచంతో సహా
మెట్లు దిగారు.
సన్నాసమ్మ తలుపు మాత్రం రాలేదు.
గునపం వేశాను.
"నా తలుపు ఇరగ్గొడతావేట్రా!" లోపల్నించి కేక.
అవును.

ఇప్పుడు కింద బడి వరండాలో నలభై ముగ్గురం.
చీకటి పడింది, కరెంటు లేదు.
తలుపు ఖరీదు చెప్పి చెప్పి
సన్నాసమ్మ నన్ను తిడుతూనే ఉంది.
తిట్టనీ.
దాని గొంతు వినబడుతున్నంతసేపూ
నలభై ముగ్గురి లెక్క తప్పలేదని ధీమా.

తూకం గుండు జేబులోనే ఉంది, చల్లగా.
గోడకి గొట్టాలు ఎన్నని
ఎవరూ అడగలేదు. అడుగుతారు.
నోట్లో ఆరు అనే మాటని
అటూ ఇటూ తిప్పుతున్నాను.

పైన ఎక్కడో
బియ్యం బస్తా ఈడ్చిన చప్పుడు.
ఆ తర్వాత మెట్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటూ
ఏదో దిగుతున్నట్టు.

సన్నాసమ్మ
తిట్టు మధ్యలో ఆగింది.