వంతులు

లొల్ల లాకుల మీద లస్కరు పని, ముప్పై యేళ్ళు.
నీటిమట్టం చూసి నేను కేకేస్తే
పక్కవాడు పుస్తకంలో ఎక్కించేవాడు.
ఈవేళ రావులపాలెంలో నా నోరే కాలువ.
డాక్టరమ్మ సన్నటి పుల్ల చిగురు కింద దించి
"మూడు... మూడు... ఐదు" అంటుంటే
సత్యవేణి అనే పిల్ల రాసుకుంటోంది.
"ఏడు" అన్నప్పుడు కలం ఆగింది.
నాకు తెలుసు ఆ ఆగడం.
గట్టు తెగే ముందు మేమూ అలాగే ఆగేవాళ్ళం.

"చుట్ట మానేశానండీ."
"ఎప్పుడు?"
"నిన్న."
ఆవిడ నవ్వలేదు.

మత్తు సూది. సగం మొహం నాది కాదు.
తర్వాత గీకుడు.
కాలువ కట్టేసిన నెలలో
లాకు తలుపుల అడుగున పారతో గుల్లలు గీసిన చప్పుడే,
ఈసారి పుర్రె లోపల.
పళ్ళెంలో రాలిన గార చూపించింది:
నల్లగా, నాలుగు నూకలంత.
దీనికా ఇన్నాళ్ళు నెత్తురోడ్చాను!

"ఈవేళ కుడి పక్కే. ఎడమ పక్క పై బుధవారం."
వంతులవారీ అన్నమాట.
దాళ్వాలో శివారు రైతుకి నేను చెప్పిన మాటే
తిరిగి నాకే వచ్చింది.

"జారిన చిగురు మళ్ళీ వస్తుందామ్మా?"
"రాదండి. ఉన్నది గట్టిగా పట్టుకుంటుంది."
పేరేమో చిగురు.

ఉప్పునీళ్ళు పుక్కిలించాలట, కారం వద్దట.
ఇంట్లో మొన్న కలిపిన ఆవకాయ ఉంది,
ఆ సంగతి నేను ఎత్తలేదు.

బస్సులో నాలిక ఊరుకోదు.
కుడి పక్క కొత్త సందులన్నీ తడిమి తడిమి
ఎడమ పక్కకెళ్ళి
పాత గార మీద కాసేపు కూర్చుంటోంది,
ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసందుకున్నవాడిలా.