మోకాలు

మూడోసారి గూడ వేలు పడలే.
"తాతా, మిషన్ల నువ్వు నువ్వని వస్తలేదు,"
అన్నది పింఛనిచ్చే పోరి,
నా బొటనవేలు గుడ్డతోని తుడిచి మళ్ల పెట్టి.
కాంటా గొలుసులు గుంజి గుంజి
గీతలన్నీ ఎన్నడో అరిగిపోయినయి.

శివనగర్ మూలమీద చాయ్ తాగుకుంట
ఒక్క నిమిషం, అబద్ధమెందుకు, సంబురమైంది.
నేను నేను గాకపోతే
లచ్చిరాం బాకీ గూడ నాది గాదు గదా అని.

ఎనుమాముల యార్డుల దడవాయిని నేను.
మిర్చి ఘాటుకు మనిషిమనిషీ తుమ్ముతున్ననాడు
నలభై రెండు బస్తాలు తూకమేసిన.
పళ్లెం కింద, గిట్ల, ఎవలకూ కానరాకుంట
మోకాలు ఆనిచ్చిన.
బస్తాకు మూడు కిలోలు.
తండా మనిషి లచ్చిరాం
ముల్లు దిక్కు చూడలే,
నా మొఖం దిక్కే చూసిండు.
సేటు నాకు టెరికాట్ అంగీ గుడ్డ కొనిచ్చిండు.

ఆ అంగీ చినిగి మసిగుడ్డయింది.
అప్పటి పండ్లు ఊడినయి.
ఆ మోకాలునైతే
పోయినేడు ఎంజీఎంల కోసి తీసేసి
లోహంది పెట్టిండ్రు.
పాతది ఏ బకెట్ల పడ్డదో అడగలే.
తప్పు చేసిన బొక్క నా ఒంట్ల లేదిప్పుడు.
మరి రాత్రిపూట ఆ సలుపు ఎక్కడిది?
కొందరికట్లనే ఉంటది, అన్నడు డాక్టరు.

నర్సంపేట బస్సెక్కిన.
రేకుల కింద మిరపకాయల తొడిమలు తీసుకుంట
కూసున్నడు లచ్చిరాం. కండ్లు మసకలు.
"ఎవలు?"
దడవాయి కొమ్మాలు తమ్ముణ్ని,
అని చెప్పబుద్దయింది.
పేరు వరకే చెప్పి ఆగిన.
"కొమ్మాలా? ఆ దడవాయి సచ్చిండంటిరి గదా,
ఎన్నేండ్లాయె," అని నవ్విండు.

ఎంత సులువుగ దొరికింది దారి!
మిషను గూడ సాక్ష్యం చెప్తది.
నాలిక అంగిటికి అతుక్కున్నది.
"సావలే," అన్న. "తోల్కొచ్చిన."

ఆయన చేతుల తొడిమ ఆగింది.
నూట ఇరువై ఆరు కిలోలు.
లెక్క నేనే చెప్పిన, ఆయన అడగలే.
కాళ్లు మొక్కుదామని వంగబోతె
కొత్త మోకాలు వంగలే,
దానికేం తెలుసు పాపం.
ఒక కాలు సాపి, ఒక చెయ్యి మట్టిల ఆనిచ్చి
సగం పడ్డట్టు, సగం కూసున్నట్టు
అట్లనే ఉన్న.

చాన సేపటికి
ఇంకో చాట నా ముంగటికి జరిపిండు.
మాఫీ చేసిండో, పని జెప్పిండో.
తొడిమలు తియ్యవట్టిన.
గీతలు లేని వేళ్లకు
మంట మాత్రం తెలుస్తున్నది.
ఆఖరి బస్సు
హారన్ కొట్టుకుంట పోయింది.