వంద చుక్కల చదరం

పగలు నా పని
మనుషుల్ని తెల్లగోడ ముందు కూచోబెట్టడం.
గుంటూరు బ్రాడీపేట నాలుగో లైన్లో, మెట్ల కింద కొట్టు.
చెవులు రెండూ కనబడాలి, నవ్వకూడదు,
గడ్డం కొంచెం దించండి.
ముప్పై ఐదు మిల్లీమీటర్ల వెడల్పులో
ఎవరి బతుకైనా సరిపోతుంది.

సుభానీ గారు షట్టర్ సగం దించి నమాజుకెళ్ళాక
అదే కంప్యూటర్లో, అదే కత్తెర గుర్తుతో
నేను ఇంకో రాజ్యాన్ని కోస్తాను.

ఐదు భాగాల సినిమా అది.
మొదటిది చూసినప్పుడు నాకు పదకొండేళ్ళు.
రాగిముక్కు పక్షి తెలుగులో తిట్టింది.
ముక్కు ఒకచోట, మాట ఒకచోట,
అయినా నమ్మేశాను.
ఆ హాలు ఇప్పుడు టైల్స్ షోరూము.
పక్షిని మాత్రం ఎవరూ ఖాళీ చేయించలేకపోయారు.

వంద చుక్కల పొడుగు, వంద చుక్కల వెడల్పు.
పేరు పక్కన పెట్టుకునే బొమ్మకి
అంతకంటే చోటివ్వరు.
కోట పట్టదు. సైన్యం పట్టదు.
ఉప్పుకొండలు తెచ్చి పెడితే బియ్యంలో రాళ్ళలా ఉంటాయి.
ఒక్కోటీ పారేస్తూ పోవాలి.
చివరికి రాణి ఎడమ కనుబొమ్మ,
ఉంగరం మీద పడ్డ వెలుతురు
మిగిలితే అదృష్టం.

ఎరుపు దగ్గర మాత్రం నాకు సాటి లేరు.
వేరే ఊళ్ళవాళ్ళకి ఎరుపంటే ఒకటే.
మేం మిర్చి యార్డు గాలికి తుమ్ముతూ పెరిగినవాళ్ళం.
రాణి అంగీకి తేజ.
సేనాని గాయానికి బ్యాడిగి, ముడతల్లో కాస్త నలుపుతో.
ఓడిపోయిన జెండాకి తాలు.
"ఈ రంగు నంబరెంతే?" అని తబిత అడుగుతుంది.
నంబరు చెబుతాను గానీ
ఘాటు ఎలా పంపను?

నేను ఎక్కువసార్లు చేసింది రాణిని కాదు.
మూడో భాగంలో, వంతెన తగలబడే ముందు
లాంతరు పట్టుకుని నిలబడి ఉంటుందొకామె.
పదకొండు సెకన్లు.
చివర్లో అన్ని పేర్లు పడతాయి, గుర్రాల్ని మేపినవాళ్ళవి కూడా,
ఆమెది పడదు.
నలభై చదరాలు చేశాను ఆమెవి.
ఆ కళ్ళు ఎందుకలా ఎర్రబడ్డాయని
తబితా నేనూ తెల్లవార్లూ ఫోన్లో వాదించుకున్నాం.
కొడుకు ఆ సైన్యంలో ఉన్నాడని తబిత.
జరగబోయేది ముందే తెలుసని నేను.

మొన్న మంగళవారం దీనమ్మ వచ్చింది, పింఛను ఫోటోకి.
కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసీ తీసీ
వేలిముద్ర పడటం మానేసిందట.
"మొహమన్నా పడుద్దా?" అంది.
స్టూలు మీద సర్దుకుంటూ తెర వైపు చూసింది.
మూసేయడం మర్చిపోయాను నేను.

"ఎవురా మనిషి?"
సినిమాలో ఆమె, అన్నాను.
చెంగుతో ముక్కు తుడుచుకుని
కాసేపు చూసింది,
కాయ మంచిదో కాదో తేల్చే చూపుతో.
"గాలికెదురు నిలబెట్టారు పాపం.
పక్కకి తిరగమని ఒక్కళ్ళన్నా చెప్పలేదా?"

నేనేం మాట్లాడలేదు.
లేచి, టేబుల్ ఫ్యాను ఆపేసి
ఆమె ఫోటో తీశాను.
నాలుగు కాపీలు, అరవై రూపాయలు.
చెవులు రెండూ వచ్చాయి.

ఆ రాత్రి నలభై ఒకటోది మొదలుపెట్టాను.
బొమ్మని కుడి ఎడమలు మార్చి తిప్పాను.
గాలీ తిరిగింది దానితోపాటే. మళ్ళీ ఎదురే.
నవ్వొచ్చింది, ఒక్కదాన్నే ఉన్నా.
ఇక జుట్టు ఒక్కో చుక్కా చెరిపి
వెనక్కి ఎగిరేదాన్ని ముందుకి గీసుకొచ్చాను.
లాంతరు మంటని కూడా ఇటు వాల్చాను.
రెండు గంటలు పట్టింది
ఒక మనిషి వీపుకి గాలిని చేర్చడానికి.

కళ్ళ ఎరుపు మాత్రం అలాగే ఉంచాను.
అది వెంటనే పోదు.