లోపలి గడియారం

వూచ్ నగరంలో మూతపడ్డ నూలుమిల్లు అడుగున నా దుకాణం.
పైన ఇప్పుడు ఫ్లాట్లు. వాటి కింద ఒక కాఫీ కొట్టు.
దాని కింద నేనూ, నా స్క్రూడ్రైవర్లూ, చల్లారిన టీ.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
కూరగాయల చక్రాల సంచిలో కంప్యూటర్ని లాక్కొచ్చారు
బోగుమీవా గారు.
మంచు దులుపుకుని, "దీనికి రోజులు దగ్గర పడ్డాయట" అన్నారు.
ఇకపై మీ భద్రతకు మాది పూచీ కాదని
తెరమీద వచ్చిన నీలం పెట్టెను
కాగితం మీద చేత్తో దించుకొచ్చారు,
కామాలతో సహా.

ఆవిడది ఎంబ్రాయిడరీ పని.
జూడో పిల్లల పేర్లు, హోటల్ తువ్వాళ్లు,
పల్లెల్లో స్వచ్ఛంద అగ్నిమాపక దళాల జెండాలు.
యంత్రానికి కుట్లు నేర్పే ప్రోగ్రామ్
ఇరవయ్యేళ్ల నాటిది.
దాన్ని చేసిన కంపెనీ ఇప్పుడు లేదు.
ఫోన్ చేస్తే ఎవరో పళ్ల డాక్టరు ఎత్తుతాడు.

మేనల్లుడు మ్యాక్ కొనమన్నాడట.
మంచిదే. అద్దంలాంటి ఇల్లు,
గోడకు ఒక్క మేకు కొట్టనివ్వరు,
అద్దె మాత్రం ఆరు నెలల జెండాలు.
పక్కింటివాడు కొత్త విండోస్ అన్నాడు.
పేరుకే కిటికీలు.
పిలవని పేరంటంలా వచ్చిపడతాయి అప్‌డేట్లు,
పొద్దున లేచేసరికి
ప్రింటర్ ఉన్నచోట వాతావరణం ఉంటుంది.
పైగా ఈ పాత పెట్టెను అది గడప తొక్కనివ్వదు.

"మరి నువ్వేం వాడతావు?"
లినక్స్ అన్నాను. కాణీ ఖర్చు లేదు,
తాళాలన్నీ మన చేతికే ఇస్తారు,
పంపు కారితే రెంచీ కూడా మన చేతికే.
ఆవిడ నా చేతుల వంక చూశారు.
"నీ రెంచీ గంటకెంత?"

చివరికి చేసింది ఇది:
ఆ పాత పెట్టెలోనే లినక్స్ వేశాను,
దాని లోపల ఒక ఉత్తుత్తి కంప్యూటర్ కట్టాను,
దాంట్లో ఆవిడ పాత విండోస్‌ని కూచోబెట్టాను,
అదే పచ్చిక కొండ, అదే ఆకాశం,
"కొత్త ఫోల్డర్ రెండు"తో సహా.
ఎనిమిదిలో రెండు జీబీలు విస్తట్లో వడ్డించాను.
ఇంటర్నెట్ మాత్రం ఇవ్వలేదు,
ఈ వయసులో దానికి బయటి గాలి పడదు.

మా భాషలో దాన్ని అతిథి అంటాం.
అతిథి మొండికేసింది.
కేబుల్ పెట్టాను, చూడలేదు.
తీసి పెట్టాను, చూడలేదు.
రాత్రి ఎనిమిదయింది, పైన కాఫీ కొట్టు షట్టర్ పడింది.
"తట్టి చూడు" అన్నారావిడ.
నవ్వి, ఊరికే తట్టాను.
టింగుమంది.
(కారణం వేరే. ఒక గడిలో టిక్కు పెట్టడం మరిచాను.
ఆవిడకి ఇప్పటికీ చెప్పలేదు.)

"తను ఇంకోదాని కడుపులో ఉన్నట్టు దానికి తెలుసా?"
తెలియదండీ. తనదే ఈ పెట్టంతా అనుకుంటుంది.
కాసేపు ఏమీ అనలేదు.
నలభై ఒక్క ఏళ్లు ఆవిడ ఈ మిల్లులోనే పని చేశారట,
ఇప్పుడు నా బల్ల ఉన్నచోట నూలు కండెల అర.
ఆ మాట వెళ్లబోతూ, కోటు తొడుక్కుంటూ చెప్పారు.

లోపలి గడియారం పదిహేనేళ్లు వెనక ఉంది.
సరిచేయబోయాను.
"ఉండనీ, దాని సంగతి దానిది."

అరవై జ్వోటీలకు బేరం తెగింది, ఎనభై అడిగితే.

మేలో ఒక ఫోటో పంపారు:
ఏదో ఊరి దళం జెండా మీద సెయింట్ ఫ్లోరియన్,
మంటల్లో ఉన్న బుల్లి ఇంటిమీద
చెంబెడు నీళ్లు గుమ్మరిస్తున్నాడు.
నీళ్లు వెండి దారం.
ఇంటికి కిటికీలు ఎన్నని లెక్కపెట్టాను.
రెండు కుట్టి ఉన్నాయి.
మూడోది సగంలో ఉంది, సూది ఇంకా దాంట్లోనే.